సొంత మోటార్‌హోమ్‌లో నేపాల్, భూటాన్: బండి ఇన్సూరెన్స్, హెల్త్ ఇన్సూరెన్స్ సరిహద్దు దాటాక పనిచేస్తాయా?

బెంజిసర్కిల్ బాటసారి (విజయవాడ)

అందరికీ నమస్కారం. టెంపో ట్రావెలర్ కొని, ఆటోనగర్‌లో లోపలంతా మార్పించి మోటార్‌హోమ్ చేయించుకున్నాం. మంచాలు, వంటగట్టు, ఫ్రిజ్, ఇన్వర్టర్, పైన సోలార్ పలకలు అన్నీ కుదిరాయి. దసరా వెళ్ళాక బయల్దేరి ప్రయాగ, కాశీ చూసుకుని, గోరఖ్‌పూర్ మీదుగా సునౌలి దగ్గర నేపాల్‌లోకి వెళ్ళాలని ఆలోచన. లుంబిని, పోఖరా, ముక్తినాథ్, ఖాట్మండు అయ్యాక తూర్పున కాకర్‌భిట్టా దగ్గర మళ్ళీ మన దేశంలోకి వచ్చి, సిలిగురి, జైగావ్ మీదుగా భూటాన్.

ఐదుగురం వెళ్తున్నాం. నాన్నగారికి 68 ఏళ్ళు, రిటైర్డ్ టీచరు, బీపీ, షుగరు ఉన్నాయి. అమ్మకి 63, గుండెకి స్టెంట్ వేశారు. నేను, నా భార్య, తొమ్మిదేళ్ళ బాబు. ఆర్సీ నాన్నగారి పేరు మీద ఉంది, నడిపేది మాత్రం నేను.

మా ఏజెంటు "ఫుల్ ఇన్సూరెన్సే కదండీ, ఎక్కడికైనా వెళ్ళొచ్చు" అంటున్నాడు. పాలసీ మొత్తం చదివాను, నేపాల్ అన్న మాట ఎక్కడా లేదు. ఇంటిల్లిపాదికీ పది లక్షల మెడిక్లెయిమ్ ఉంది, నాన్నగారికి ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు ఉంది. ఇవి అక్కడ పనికొస్తాయా? పెద్దవాళ్ళని తీసుకెళ్తున్నాను కాబట్టి అరకొరగా తెలుసుకుని బయల్దేరడం నాకిష్టం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

పాలసీ పెద్దాయన (గుంటూరు)

బాబూ, ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ అనుమానమే నిజం, ఏజెంటు మాట కాదు.

పాలసీ షెడ్యూలులో జియోగ్రాఫికల్ ఏరియా అని ఒక గడి ఉంటుంది. అందులో ఇండియా అని మాత్రమే ఉంటే, ఫుల్ ఇన్సూరెన్స్ కానివ్వండి, జీరో డిప్ (పాతబడిన విడిభాగాలకి తరుగు కోయని పాలసీ) కానివ్వండి, సునౌలి గేటు దాటాక ఆ పాలసీ లేనట్టే. మన బండికి దెబ్బ తగిలినా, మన బండి ఇంకొకరికి తగిలినా కంపెనీ పలకదు.

దీనికి ఐఎంటీ-1 అనే ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి అదనంగా జతచేసే కాగితం, ఉంది. పాత ఇండియా మోటార్ టారిఫ్ నుంచీ ఉన్నదే. బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులు, ఈ ఆరు దేశాలకి పాలసీని పొడిగించుకోవచ్చు. టారిఫ్‌లో రాసిన అదనపు ప్రీమియం ఫుల్ పాలసీకి 500 రూపాయలు, థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నదానికి 100. ఇప్పుడు కంపెనీని బట్టి మారొచ్చు, పైన జీఎస్టీ వేస్తారు. ఎలా చూసినా చిన్న మొత్తమే. పన్నెండు నెలలకి మించి ఇవ్వరు. బండిని ఓడలోనో విమానంలోనో పంపితే ఆ ప్రయాణంలో జరిగే నష్టానికి ఇది వర్తించదు, మీకు ఆ సమస్య లేదు.

ఎండార్స్‌మెంట్ చేతికొచ్చాక దేశాల పేర్లు, తేదీలు చూసుకోండి. నేపాల్ ఒక్కటే రాసి భూటాన్ వదిలేస్తే జైగావ్ దగ్గర మళ్ళీ మొదటికొస్తారు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, రెండూ కలిపి, అని ఉంటుంది. కొండదారుల్లో ఆలస్యాలు మామూలే, అందుకని చివరి తేదీకి మరో పదిహేను రోజులు కలిపి రాయించుకోండి.

ఉండవల్లి రైడర్

అన్నా, మేము బుల్లెట్ల మీద ఖాట్మండు వెళ్ళొచ్చాం. సునౌలిలో ఇన్సూరెన్స్ కాగితం ఎవరూ అడగలేదు. భంసార్ కట్టి, రవాణా పర్మిట్ తీసుకుంటే లోపలికి పంపేస్తారు. ఇంత ఆలోచన అవసరం లేదేమో.

పాలసీ పెద్దాయన

బాబూ, గేటు దగ్గర అడగలేదంటే ప్రమాదం జరిగాక కంపెనీ కడుతుందని కాదు కదా. గేటు దగ్గర పోలీసు చూసేది పర్మిట్. రేపు ఆసుపత్రిలోనో కోర్టులోనో నిలబడ్డప్పుడు చూసేది పాలసీ.

2024 ఆగస్టులో గోరఖ్‌పూర్ నుంచి వెళ్ళిన బస్సు తనహు జిల్లాలో మర్స్యాంగ్దీ నదిలో పడింది. మహారాష్ట్ర యాత్రికులు ఇరవై మందికి పైగా పోయారు. ఆ దారి పోఖరా, ఖాట్మండు మధ్యలోనే ఉంది, వీళ్ళు వెళ్ళబోయేదీ అదే దారి. ఎదుటి బండిలో ఉన్నవాళ్ళకి మనవల్ల ఏదైనా జరిగితే? ఐదు వందల దగ్గర వెనకాడొద్దు. మీరు మళ్ళీ వెళ్తే మీరూ తీసుకోండి.

ఉండవల్లి రైడర్

అర్థమైంది సార్, మా వాళ్ళ గ్రూపులో కూడా పెడతాను. నాకు తెలిసిన సరిహద్దు సంగతులు రాస్తాను.

భంసార్ అంటే నేపాల్ కస్టమ్స్ వాళ్ళు బండికి ఇచ్చే అనుమతి. రోజుల లెక్కన కట్టాలి. ఏ గేటు నుంచి బయటికి వస్తారో ముందే చెప్పండి, మీరు కాకర్‌భిట్టా కాబట్టి అదే చెప్పాలి. మన బండి ఏడాదిలో 30 రోజులకి మించి అక్కడ ఉండకూడదు. రాసిన రోజులు దాటితే జరిమానా, అందుకని ఇక్కడ కూడా ఒకటి రెండు రోజులు ఎక్కువే కట్టుకోండి. ఆర్సీ ఒరిజినల్ దగ్గరుంచుకోండి. ఆర్సీ మీ నాన్నగారిది, ఆయన పక్కనే ఉంటారు కాబట్టి ఇబ్బంది లేదు. మధ్యలో ఆయన వెనక్కి వచ్చేసే అవకాశం ఉంటే, మీరు నడపడానికి అనుమతిస్తున్నట్టు ఒక లెటరు రాయించి పెట్టుకోండి.

మనుషులకి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. ఆధార్ పదిహేనేళ్ళ లోపు పిల్లలకి, 65 దాటినవాళ్ళకి మాత్రమే చెల్లుతుంది. అమ్మగారికి 63 అన్నారు, ఆవిడ ఓటరు కార్డు మర్చిపోకండి. బాబుకి బర్త్ సర్టిఫికెట్ కూడా పెట్టుకోండి, భూటాన్‌లో అడుగుతారు.

ఆటోనగర్ మూడో రోడ్డు (విజయవాడ)

బాడీలు కట్టే పనిలో ఉన్నాను, అందుకే ఒక మాట అడగాలి. మార్పులు చేయించాక ఆర్సీలో ఎక్కించారా? మోటార్ క్యారవాన్ అనో క్యాంపర్ వ్యాన్ అనో ఉందా, కొన్నప్పటి క్లాసే ఉందా? సీట్ల సంఖ్య తగ్గించారా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకి భిన్నంగా బండి మార్చకూడదు. క్యారవాన్లకి ఏఐఎస్-124 అని ప్రత్యేకంగా ఒక ప్రమాణం ఉంది. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొంతమంది లోపల మంచాలు, గ్యాసు స్టవ్వు పెట్టించుకుని పాత ఆర్సీతోనే తిరిగేస్తుంటారు. ఏమీ జరగనంతకాలం ఫరవాలేదు. క్లెయిమ్ వచ్చిన రోజున నష్టం లెక్కగట్టడానికి వచ్చే సర్వేయర్ ఆర్సీ పక్కన పెట్టుకుని బండి చూస్తాడు. కాగితంలో పదమూడు సీట్లు, బండిలో రెండు మంచాలు కనపడితే ఆయన రిపోర్టు ఎలా రాస్తాడో మీరే ఆలోచించండి.

ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ, సోలార్, ఏసీ వీటి బిల్లులన్నీ ఉన్నాయా? ఇవి కంపెనీ బిగించినవి కావు కాబట్టి పాలసీలో వేరుగా చూపించాలి. లేకపోతే బండి కాలిపోయినా ఐడీవీ (పాలసీలో రాసిన బండి విలువ) ఖాళీ ట్రావెలర్ ధరే ఉంటుంది, లోపల పెట్టిన లక్షలు లెక్కలోకి రావు.

పాలసీ పెద్దాయన

ఈయన చెప్పింది అక్షరాలా నిజం. కరెంటు సామాన్లకి ఐఎంటీ-24 కింద అదనపు ప్రీమియం కట్టి విలువ రాయించుకోవాలి. కరెంటుతో పనిలేని అలమార్లు, మంచాలు కూడా విలువ చెప్పి కలిపించుకోవాలి. బండిలో వదిలిన బట్టలు, ల్యాప్‌టాప్, నగలు మోటార్ పాలసీలోకి రావు.

అన్నిటికంటే ముందు ఆర్సీ సరిచేయించండి. ఆర్సీ ఒకటి, బండి ఒకటి అయితే ఐఎంటీ-1 తీసుకున్నా లాభం లేదు.

ఇంకోటి. ఓనర్-డ్రైవర్‌కి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉంటుంది. అది ఆర్సీలో పేరున్న మీ నాన్నగారికి, అదీ ఆయన లైసెన్సు అమల్లో ఉంటేనే. స్టీరింగు పట్టేది మీరు అయినా మీకు రాదు. బండిలో కూర్చునేవాళ్ళకి ఐఎంటీ-16 కింద సీటుకింత అని ప్రమాద బీమా చేర్చుకోవచ్చు. మీ ఒక్కరికీ విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంటే మంచిది, అయిదుగురి భారం మీ చేతుల మీద ఉంటుంది. డ్రైవర్ని కూడా పెట్టుకుంటే ఆయనకీ వేరే కవర్ కట్టాలి, అది యజమానిగా మన బాధ్యత.

ఇది సొంత వాడకం పాలసీ అనుకుంటాను. చుట్టాలు ఎవరైనా సీటుకింత ఇస్తాం, మమ్మల్నీ తీసుకెళ్ళండి అంటే ఒప్పుకోవద్దు. డబ్బు తీసుకుని ఎక్కించుకుంటే కిరాయి కింద లెక్క, క్లెయిమ్ పోతుంది.

బెంజిసర్కిల్ బాటసారి

ఆర్సీ ఇప్పుడే తీసి చూశాను. పాత క్లాసే ఉంది. కట్టినవాళ్ళు "తర్వాత చూసుకోవచ్చు" అన్నారు. రేపే రవాణా శాఖ ఆఫీసుకి వెళ్తాను. నా దగ్గర ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు బండ్ల) లైసెన్సు ఉంది, అది సరిపోతుందా?

ఆటోనగర్ మూడో రోడ్డు

బండి స్థూల బరువు 7,500 కిలోల లోపే కదా, సరిపోతుంది. రవాణా బండ్ల విషయంలో ఉన్న అనుమానం కూడా 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి తీర్చేసింది, 7,500 కిలోల లోపు బండికి ఎల్ఎంవీ చాలని. సామాను, నీళ్ళ ట్యాంకు నింపాక ఒకసారి వేబ్రిడ్జి మీద తూకం వేయించండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకుల మీద పడేది ఆ బరువే.

సింగ్ నగర్ వాసి

పాలసీలో ఇంజిన్ ప్రొటెక్ట్ (నీళ్ళు చేరి ఇంజిన్ పాడైతే ఖర్చు ఇచ్చే అదనపు కవర్) ఉందో లేదో చూడండి. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇళ్ళలోకి వచ్చినప్పుడు మా వీధిలో బండ్లన్నీ మునిగాయి. నీళ్ళలో నిలబడిపోయిన బండి వరకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళకి క్లెయిమ్ వచ్చింది. నీళ్ళు తగ్గాక కంగారులో స్టార్టు కొట్టి ఇంజిన్ పాడుచేసుకున్నవాళ్ళకి, ఈ యాడ్-ఆన్ లేకపోతే ఇంజిన్ ఖర్చు రాలేదు. నీళ్ళలో బండి ఆగితే తాళం తిప్పొద్దు, తోయించి టోయింగ్ చేయించండి. ఇది మా పేటలో అందరికీ తెలిసొచ్చిన విషయం.

నేపాల్‌లో వర్షాకాలం వద్దు. 2024 జులైలో నారాయణ్‌ఘాట్, ముగ్లింగ్ మధ్య సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగి రెండు బస్సులు త్రిశూలిలోకి కొట్టుకుపోయాయి. దసరా వెళ్ళాక అన్నారు, అదే సరైన సమయం.

కొత్తపేట డాక్టరమ్మ (గుంటూరు)

బండి సంగతి పెద్దలు చెప్పారు, మనుషుల సంగతి నేను చెబుతాను. ఇక్కడ కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వెళ్ళేవాళ్ళలో ఇద్దరు పెద్దవాళ్ళు, ఒకావిడకి స్టెంట్ ఉంది.

మామూలు మెడిక్లెయిమ్ మన దేశంలోని ఆసుపత్రులకే. కొన్ని పాలసీల్లో విదేశీ కవర్ ఉంటుంది గానీ అది పాలసీలో రాసి ఉండాలి. ఈహెచ్ఎస్, ఎన్టీఆర్ వైద్య సేవ, డెబ్బై దాటినవాళ్ళకి ఇచ్చే ఆయుష్మాన్ కార్డు, ఇవన్నీ ఇక్కడి నెట్‌వర్క్ ఆసుపత్రులకే. కాశీ దాకా మీ మెడిక్లెయిమ్ మీ వెంట వస్తుంది. నేపాల్‌లో, భూటాన్‌లో ఉన్న రోజులకి ట్రావెల్ మెడికల్ పాలసీ విడిగా కావాలి. ఇంటి దగ్గర నుంచి బయల్దేరకముందే తీసుకోవాలి, సరిహద్దు దాటాక ఇవ్వరు. చాలా కంపెనీలు ఫారంలో పాస్‌పోర్టు నంబరు అడుగుతాయి. దేశంలోకి వెళ్ళడానికి ఓటరు కార్డు చాలినా, పాలసీ కోసమైనా అందరికీ పాస్‌పోర్టులు ఉండటం మంచిది. లేకపోతే ఇప్పుడే అప్లై చేయండి.

షుగరు, బీపీ, స్టెంట్ అన్నీ ఫారంలో రాయండి. ప్రీమియం పెరుగుతుందని దాచొద్దు. ముందున్న జబ్బులకి ట్రావెల్ పాలసీలు సాధారణంగా కవర్ ఇవ్వవు, ఇచ్చినా ప్రాణాపాయం ఉన్న పరిస్థితికి, అదీ ఒక పరిమితి వరకే. అమ్మగారి స్టెంట్‌కి ఆ పరిమితి ఎంతో కంపెనీని మెయిల్‌లో అడిగి, జవాబు ప్రింటు తీసుకోండి. అరవై దాటినవాళ్ళకి కొన్ని పాలసీల్లో గది అద్దెకి, ఆపరేషన్‌కి విడివిడిగా హద్దులుంటాయి, అవీ చూడండి.

ఇప్పుడు ముక్తినాథ్. 108 దివ్యదేశాల్లో ఒకటి, మన వైపు పెద్దవాళ్ళకి అక్కడికి వెళ్ళాలన్న కోరిక ఎంత బలమైనదో నాకు తెలుసు, మా అత్తగారిని కూడా తీసుకెళ్ళాం. కానీ గుడి సుమారు 3,800 మీటర్ల ఎత్తులో ఉంది. పోఖరా 800 మీటర్లు దాటి కొంచెం. ఒకే రోజులో అంత ఎత్తుకి బండిలో ఎక్కేస్తే కుర్రవాళ్ళకే తలనొప్పి, వాంతులు వస్తాయి. జోమ్‌సోమ్‌లోనో, కిందున్న మార్ఫాలోనో, అంటే 2,700 మీటర్ల దగ్గర, కనీసం రెండు రాత్రులు పడుకోండి. పైన దర్శనం చేసుకుని అదే రోజు కిందికి దిగిపోండి. మోటార్‌హోమ్ ఉంది కదా అని గుడి దగ్గరే రాత్రి ఉండొద్దు.

అమ్మగారిని గుండె డాక్టరుకి చూపించి, అంత ఎత్తుకి వెళ్ళొచ్చని రాయించుకోండి. ఎత్తు జబ్బు రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ కూడా ఆయన చెబితేనే వాడండి, సల్ఫా మందులు పడనివాళ్ళు ముందే చెప్పాలి. మందుల చీటీ మీద కంపెనీ పేర్లు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి, అక్కడి షాపువాళ్ళకి అదే తెలుస్తుంది.

హెలికాప్టర్ గురించి. 2018లో నేపాల్‌లో అవసరం లేని హెలికాప్టర్ రెస్క్యూలు చూపించి ఇన్సూరెన్స్ డబ్బు లాగిన వ్యవహారం బయటపడింది. అప్పటినుంచి కంపెనీలు గట్టిగా ఉంటున్నాయి. ప్రాణం మీదికి వస్తే ముందు ప్రాణమే చూసుకోండి. కానీ మాట్లాడే వీలున్నప్పుడు పాలసీ మీద ఉన్న అసిస్టెన్స్ నంబరుకి ఫోన్ చేసి, కేసు నంబరు తీసుకున్నాకే హెలికాప్టర్ పిలవండి. ఎంత ఎత్తు దాటితే కవర్ ఉండదో పాలసీలో రాసి ఉంటుంది, అది కూడా చదవండి.

ఉండవల్లి రైడర్

1800తో మొదలయ్యే టోల్‌ఫ్రీ నంబర్లు అక్కడి నుంచి కలవవు. కంపెనీ మామూలు నంబరు +91తో రాసి బండిలో అతికించండి. నేపాల్‌లో పోలీసు 100, అంబులెన్స్ 102, టూరిస్టు పోలీసు 1144. భూటాన్‌లో అంబులెన్స్ 112, పోలీసు 113.

తాడేపల్లి టు డాలస్

ఇదే చర్చలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. గుంటూరు నుంచి అమ్మానాన్న విజిటర్ వీసా మీద మా దగ్గరికి వస్తున్నారు. ఆర్వీ (అక్కడి మోటార్‌హోమ్) అద్దెకి తీసుకుని కెనడా గానీ మెక్సికో గానీ వెళ్దామని. అక్కడ కూడా ఇలాంటి చిక్కులే ఉంటాయా?

హ్యూస్టన్ గుంటూరోడు

రెండూ వేరు వేరు. అమెరికా బండి పాలసీ కెనడాలో సాధారణంగా చెల్లుతుంది, కంపెనీని అడిగితే కెనడా కోసం ఒక కార్డు కూడా ఇస్తారు. మెక్సికోలో మాత్రం అమెరికా లయబిలిటీ పాలసీని ఒప్పుకోరు, మెక్సికో కంపెనీ పాలసీ కొనాల్సిందే. సరిహద్దు మండలం దాటి లోపలికి వెళ్తే బండికి తాత్కాలిక దిగుమతి అనుమతి కూడా కావాలి, బాహా ద్వీపకల్పం వైపు అది అక్కర్లేదు. అద్దె ఆర్వీలని మెక్సికోలోకి చాలా కంపెనీలు పోనివ్వవు, కెనడాకైనా రాతపూర్వక అనుమతి తీసుకోండి.

మీ అమ్మానాన్నలకి అమెరికా వీసా ఒక్కటీ ఉంటే కెనడాలోకి రానివ్వరు, కెనడా వీసా వేరే. విజిటర్ ఇన్సూరెన్స్ కెనడాలో ఉన్న రోజులకి వర్తిస్తుందో లేదో అడగండి. పాత జబ్బులకి ఉన్నట్టుండి తిరగబెడితేనే కవర్ అన్న షరతు ఉంటుంది, దానికి వయసు హద్దు కూడా పెడతారు. నాకైతే మెక్సికో మానేసి కెనడా రాకీస్ వైపు వెళ్ళడమే మంచిదనిపిస్తుంది.

బెంజిసర్కిల్ బాటసారి

ఆర్సీ మార్పుకి బండి చూపించమన్నారు, తనిఖీకి తేదీ ఇచ్చారు. కట్టినవాళ్ళ దగ్గర నుంచి బిల్లులు, డ్రాయింగులు తెప్పించాను.

ఇన్సూరెన్స్ కంపెనీ ఆన్‌లైన్‌లో ఐఎంటీ-1 పెట్టుకునే చోటే లేదు. ఏజెంటుకి ఫోన్ చేస్తే రెన్యువల్ అప్పుడు చూద్దామన్నాడు. మా పాలసీ నవంబరు మధ్యలో అయిపోతుంది, అప్పటికి మేము నేపాల్‌లోనే ఉంటాం. ఏం చేయమంటారు?

పాలసీ పెద్దాయన

ఏజెంటుని వదిలేయండి. పాలసీ ఇచ్చిన బ్రాంచి ఆఫీసుకి స్వయంగా వెళ్ళి, పాలసీ నంబరు, దేశాలు, తేదీలు రాసి లెటరు ఇవ్వండి, ఇచ్చినట్టు స్టాంపు వేయించుకోండి. అదే మెయిల్ కూడా చేయండి. కొత్తగా చేరిన అబ్బాయిలకి ఇది తెలియకపోవచ్చు, అండర్‌రైటింగ్ (పాలసీ ఇవ్వాలా, ఎంత ప్రీమియం అన్నది తేల్చే విభాగం) చూసేవాళ్ళని అడగండి.

పాలసీ మధ్యలో అయిపోవడం పెద్ద విషయం. పాత పాలసీకి వేసిన ఎండార్స్‌మెంట్ ఆ పాలసీతోనే పోతుంది. బయల్దేరకముందే రెన్యువల్ కట్టేసి, కొత్త పాలసీకి కూడా ఐఎంటీ-1 వేయించుకోండి. ఇన్వర్టర్, సోలార్ విలువలు కూడా రెండిటిలోనూ ఉండాలి. పాత పాలసీ చివరి రోజుకీ, కొత్తది మొదలయ్యే రోజుకీ మధ్య ఒక్క రోజు ఖాళీ లేకుండా చూసుకోండి.

నేపాల్‌లో ఏదైనా జరిగితే పోలీసు రిపోర్టు తీసుకోండి, ఫొటోలు తీయండి, అక్కడి నుంచే కంపెనీకి తెలియజేయండి. వాళ్ళ అనుమతి లేకుండా రిపేరు మొదలెట్టొద్దు. క్యాష్‌లెస్ అక్కడ దొరుకుతుందని అనుకోకండి, ముందు మీరు కట్టి బిల్లులు తెచ్చుకోవాలి. వంద మన రూపాయలకి నూట అరవై నేపాలీ రూపాయలు, బిల్లు అంకె చూసి కంగారు పడొద్దు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా మామూలుగా దేశం లోపలే.

ఆటోనగర్ మూడో రోడ్డు

భూటాన్‌కి మోటార్‌హోమ్ తీసుకెళ్ళకపోతేనే నయమని నా సలహా. మన వాళ్ళు మనిషికి రాత్రికి 1,200 రూపాయలు ఎస్‌డీఎఫ్ (భూటాన్ ప్రభుత్వం పర్యాటకుల దగ్గర తీసుకునే రుసుము) ఎలాగూ కట్టాలి, బాబుకి సగం. బండికి రోజువారీ రుసుము మళ్ళీ వేరే. బండి జైగావ్ వైపు మన దేశంలోనే భద్రంగా పెట్టి, సరిహద్దుకి అవతలున్న ఫుంట్‌షోలింగ్ నుంచి అక్కడి బండి మాట్లాడుకోండి. పారో దగ్గర చేలే లా కనుమ దాదాపు 4,000 మీటర్లు, ఆ మలుపులు అక్కడి డ్రైవర్లకి అలవాటు.

బెంజిసర్కిల్ బాటసారి

నాన్నగారు కూడా అదే అన్నారు. బండి జైగావ్‌లో పెడతాం, అయినా భూటాన్ పేరు ఎండార్స్‌మెంట్‌లో ఉంచుతాను. డాక్టరుగారూ, ఆర్సీ తనిఖీ ఆలస్యమైతే బయల్దేరడం నవంబరు చివరికి పోవచ్చు. అప్పుడు ముక్తినాథ్ వెళ్ళొచ్చా?

కొత్తపేట డాక్టరమ్మ

డిసెంబరులో పైన చలి విపరీతంగా ఉంటుంది, మంచు పడితే దారి కూడా మూసేస్తారు. స్టెంట్ ఉన్న మనిషిని ఆ చలిలో 3,800 మీటర్లకి నేను పంపను. అలా అయితే ఈసారి లుంబిని, పోఖరా, పశుపతినాథ్ వరకు చూసి రండి. ముక్తినాథ్‌కి ఏప్రిల్‌లో వెళ్ళండి. ఎండార్స్‌మెంట్ తేదీలు ఏప్రిల్ చివరి దాకా రాయించుకుంటే మళ్ళీ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. ట్రావెల్ మెడికల్ మాత్రం అప్పటికి కొత్తది తీసుకోవాలి.